ఎనిమిదో తెర

చీపురుపల్లి,
12 జూన్ 2019.

బెన్హర్ గారికి,

వందనాలు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేది కోర్టువాళ్ళూ బ్యాంకువాళ్ళే. మూడోది నేను. ఇక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేరాను. పొద్దున ఆటోలో వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తాను. ఈ కవరు మీద ముద్ర కూడా నేనే కొట్టాను. మీ అమ్మగారి సమాధికి రాయి వేయించమని పాస్టరు గారికి రాశారట కదా, ఆ కాగితం మీద మీ చిరునామా దొరికింది.

ఫోన్ చెయ్యకపోవడానికి కారణం ఉంది. నా పాత నంబరు ఇప్పుడు లేదు. నిరుడు ఫిబ్రవరిలో నాన్న నాకు సంబంధాలు చూడడానికి ‘జతబాట’ అనే సైట్‌లో నా ఫొటో పెట్టించారు. నెట్ సెంటర్లో పని అంతా ముగించుకుని ఇంటికొచ్చి, అన్నం తింటూ చెప్పారు. అది మొదలు తెలియనివాళ్ళ ఫోన్లే ఫోన్లు. ఆమదాలవలసలో బియ్యం కొట్టు ఉందని ఒకాయన, భోగాపురంలో విమానాశ్రయం వస్తే విమానాలు తన పొలం పక్కనే దిగుతాయని ఇంకొకాయన. ఒకాయనకైతే నా ఈడు పిల్లలున్నారు. చివరికి సిమ్ కార్డు విరిచి పొయ్యిలో పడేసి, కొత్త నంబరు ఇంట్లోవాళ్ళకీ ఆఫీసుకీ తప్ప ఎవరికీ ఇవ్వలేదు.

ఆ గోల చూసి నాన్నే దాన్ని తీసేద్దామన్నారు. తీరా చూస్తే అది ఊడి రావడం లేదు. తెర మీద తెర వస్తుంది, అడిగిందే మళ్ళీ అడుగుతుంది. ఆఖరున ఒక మాట దగ్గర నాన్న ఆగిపోతున్నారు. అది తన మాట కాదట, నొక్కరట. నేను నొక్కుదామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. దొంగతనంగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

మీరు బెంగళూరులో ఇలాంటి కంపెనీలోనే చేస్తున్నారని విన్నాను. వేరే దారేదైనా ఉంటే చెప్పగలరా? మీకు చదువు చెప్పిన మాస్టారి కోసమని అడుగుతున్నాను.

మీరు వెళ్ళి మూడేళ్ళయింది. మొదటి ఏడాదిన్నర ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసేవారు. తర్వాత పనులు పెరిగి ఉంటాయి. నేనేమీ అనుకోలేదు.

ఇట్లు,
పరంజ్యోతి మాస్టారి అమ్మాయి రూబీ.


బెంగళూరు,
24 జూన్ 2019.

రూబీ గారికి,

వందనాలు. మీ ఉత్తరం అందింది. మాస్టారు, మీ అమ్మ అన్నమ్మ గారు క్షేమమని తలుస్తాను.

జతబాట గురించి నాకు పెద్దగా తెలియదు. పేరు విన్నాను. ఇలాంటి సైట్లన్నీ ఒకేలా ఉంటాయి. ఎనిమిదో తెరలో పెద్ద ఆకుపచ్చ బటన్ వస్తుంది, దాన్ని వదిలెయ్యమనండి. దాని కింద బూడిదరంగులో చిన్న అక్షరాలుంటాయి, అవి నొక్కితే చాలు. మాస్టారికి చెప్పండి, అవి ఉత్త అక్షరాలు. యంత్రం ముందు ఏది నొక్కినా అబద్ధమాడినట్టు కాదు.

మీకు మంచి సంబంధం కుదిరాక తీసేసినా సరిపోతుంది కదా. తొందరేముంది.

ఇట్లు,
బెన్హర్.


చీపురుపల్లి,
3 జూలై 2019.

బెన్హర్‌కి,

గారు తీసేశాను. కోపంలో గారు అనడం నాకు చేతకాదు.

నా ఉత్తరంలో తెరలు ఎన్నో నేను రాయలేదు. బటన్ రంగు రాయలేదు. బూడిదరంగు అక్షరాల సంగతి అసలే రాయలేదు. నీ ఉత్తరం చదివి ఇంటికి వెళ్ళి నాన్న ఫోన్‌లో లెక్కపెట్టాను. సరిగ్గా ఎనిమిది. పేరు మాత్రమే విన్న సైట్‌లో మెట్లెన్నో నీకెలా తెలుసు?

ఆ బూడిదరంగు అక్షరాలేమిటో నీకు తెలియకపోతే విను. పైన ప్రశ్న: ‘మీ అమ్మాయిని ఒక ఇంటిదాన్ని చేయాలని మీకు లేదా?’ ఆకుపచ్చ బటన్: ‘ఉంది, కొనసాగించండి’. దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో: ‘లేదు. నా కూతురు బతుకంతా ఒంటరిగా ఉండిపోయినా నాకు ఫర్వాలేదు.’

వెళ్ళిపోవాలంటే ఇదే నొక్కాలి. ఇంకో దారి లేదు. నీ మాట నాన్నకు చెప్పాను, అవి ఉత్త అక్షరాలని బెన్హర్ రాశాడని. బడిలో పుస్తకం భాష మాట్లాడినాయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నీకు తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇలా అన్నారు: “అచ్చరాలు ఉత్తవైతే నలబై ఏళ్ళు నాను పిల్లలకి ఏటి నేర్పినట్టే? ఆడు నా దగ్గరే కదే అచ్చరాలు దిద్దుకున్నాడు. ఇది నొక్కితే నా కూతురు ఏటైపోయినా నాకు అక్కర్లేదని నానే సెప్పినట్టు. నా పింఛను మొత్తం ఎల్లిపోనీ. ఈ మాట నా నోటంట రాదు.”

అమ్మ వంటింట్లోంచి, “నోటితో ఎవులు సెప్పమన్నారు, ఏలితోనే కదా,” అంది. నాన్న నవ్వలేదు. పదహారు నెలలుగా మా ఇంట్లో ఇదే గొడవ. ఆ సైట్ మాత్రం మూడు నెలలకోసారి ఆయన ఖాతాలోంచి తన వాటా తను తీసుకుంటూనే ఉంది.

ఇక నీ చివరి మాట. మంచి సంబంధం కుదిరాక తీసేయమన్నావు. నేను ఎవరినీ వెతకడం లేదు. ఆ సైట్ ఒక్కసారి కూడా తెరవలేదు, తెరిచే ఫోన్ కూడా నా దగ్గర లేదు. నాది మీటల ఫోన్. నీకు రెండుసార్లు చేశాను, నిరుడు ఏప్రిల్లో ఒకసారి, పెంతెకొస్తు పండగనాడు ఒకసారి. నువ్వు ఎత్తలేదు. ఆడపిల్ల మూడోసారి చెయ్యదు.

ఎందుకు మానేశావు? కొత్త నంబరు ఇస్తే ఫోన్‌లో చెబుతానంటావేమో. ఇవ్వను. ఫోన్‌లో అయితే మాట దాటేస్తావు. కాగితం మీద ఎనిమిది దగ్గర దొరికిపోయావు.

రూబీ.


బెంగళూరు,
15 జూలై 2019.

రూబీ,

నేను జతబాటలోనే పని చేస్తున్నాను. తెలియదని రాసింది అబద్ధం. నేనుండేది తెలుగు విభాగంలో. వాళ్ళు ఇంగ్లీషులో అనుకున్నదాన్ని మనవాళ్ళకు అర్థమయ్యేలా రాయడం నా పని.

నిరుడు మార్చిలో తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా పడుతున్నాయో లేదో చూడడానికి ఏదైనా ఊరి పేరు కొట్టి చూడమన్నారు. చేతికి వచ్చిన ఊరు ఒక్కటే. చీపురుపల్లి అని కొట్టాను. మొదట నీ ముఖమే వచ్చింది. ఆ నీలం చీర ఫొటో క్రిస్మస్ నాటిది, ఆ రోజు నీ పక్కన నిలబడింది నేనే. నన్ను కత్తిరించి పెట్టారు. నీ భుజం పక్కన నా చొక్కా చెయ్యి కొంచెం మిగిలి ఉంది.

ఫొటో పక్కన ఆకుపచ్చ చుక్క. ‘రూబీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారు.’ మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ మళ్ళీ చూశాను, చుక్క ఉంది. ఆ మర్నాడూ ఉంది. ఏ రోజు చూసినా ఉంది. పెళ్ళికి ఇంత తొందరపడుతోందా, నేను ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంటే మర్యాదకి మాట్లాడిందా అనుకున్నాను. నా ఫోను చూసి నవ్వుకుంటుందని కూడా అనుకున్నాను. అందుకే మానేశాను. నువ్వు చేసినప్పుడు, నిశ్చితార్థం అయిందని చెప్పడానికేనని భయపడి ఎత్తలేదు.

ఆ చుక్క అందరికీ అలాగే వెలుగుతుందనీ, మనిషి చనిపోయినా వెలుగుతుందనీ నాకు చాలా కాలం తెలియదు. తెలిశాక కూడా, అందరిదీ అబద్ధమైనా నీది నిజమేమో అనుకున్నాను. మనిషి బుద్ధి అలా ఉంటుంది.

విజయనగరం స్టేషన్‌లో రైలు కదిలే ముందు నీతో ఒక మాట చెప్పాలని వారం రోజులు లోపల్లోపల వల్లించుకుని వచ్చాను. అమ్మ పోయి రెండు నెలలే అయింది, ఉద్యోగం నిలబడుతుందో లేదో తెలియదు. ‘నిలబడ్డాక రాస్తాను’ అని మాత్రం అన్నాను. నువ్వు సరేనన్నావు. రైలు కొత్తవలస దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇప్పటికీ ఇక్కడ ఎవరైనా నీలా, మాట మొదలుపెట్టే ముందు ‘అయితే మరి’ అంటే వెనక్కి తిరిగి చూస్తాను. ఈ ఊళ్ళో ఎవరూ అనరు.

నువ్వు ఎవరినీ వెతకడం లేదన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను. చెబితే నవ్వుతావు.

నీ
బెన్హర్.


చీపురుపల్లి,
14 సెప్టెంబర్ 2019.

బెన్హర్,

జూలై నుంచి నీవి ఐదు ఉత్తరాలు వచ్చాయి, నావి నాలుగు వెళ్ళాయి. ఒకటి బాకీ ఉన్నానని నువ్వు గుర్తు చెయ్యకముందే రాస్తున్నాను. మా పోస్ట్‌మన్ దాలయ్య గారు నీ కవరు వచ్చిన రోజు సంచీలో అన్నింటికన్నా పైన పెట్టి, “అమ్మా, బెంగులూరు వొచ్చిందమ్మా,” అంటూ ఊరంతా వినపడేలా చెబుతున్నారు. ఆదివారం ఆరాధనలో నువ్వు కూర్చునే చోటు చూస్తే ఇప్పుడు దిగులు లేదు, చిరాకుగా ఉంది. ఇప్పుడు అక్కడ కూర్చునే ముసలాయన నిద్రపోతాడు.

ఇప్పుడు పని సంగతి. జూలైలో విజయనగరం వినియోగదారుల ఫోరంలో నాన్న పేరు మీద కేసు వేశామని రాశాను కదా. ప్లీడరు జగన్నాధం గారు ఫీజు తీసుకోవడం లేదు, ఆయనా నాన్న శిష్యుడే. నీ కంపెనీ జవాబు వచ్చింది. ‘రద్దు చేసుకునే మార్గం ప్రతి సభ్యుడికీ అందుబాటులో ఉంది. ఫిర్యాదీ తన ఇష్టప్రకారమే దానిని వాడుకోలేదు.’ అంతే. చదివితే తప్పు నాన్నదే అనిపిస్తుంది. ఆపడానికే ఆ తెర కట్టారని లోపలివాళ్ళెవరైనా చెబితే తప్ప మన మాట నిలబడదని జగన్నాధం గారు అంటున్నారు.

ఇంకోటి. ఆన్‌లైన్ అమ్మకాలకు ఢిల్లీలో నియమాలు రాస్తున్నారనీ, జనం అభిప్రాయం అడిగారనీ పేపర్లో వచ్చింది. నాన్న చెబుతుంటే నేను రాశాను. ‘లోపలికి రావడానికి ఎన్ని మెట్లో బయటికి పోవడానికీ అన్నే మెట్లు ఉండాలి. కాదు అనే చోట కాదు అని మాత్రమే రాయాలి. కాదు అన్నవాడి చేత ఇంకో మాట చెప్పించకూడదు.’ చివర్న నా మాట ఒకటి చేర్చాను. మా పోస్టాఫీసులో ఖాతా మూసే ఫారం ఒక్క పేజీ, అడిగేది ఒక్క సంతకం. గంగులు తాత వచ్చి ఖాతా మూసేస్తానంటే, నీకు మనవల మీద ప్రేమ లేదా అని ఆ ఫారం అడగదు. అలాంటి ఫారం దేశంలో ఇప్పటికే ఉందని రాశాను. ఎవరైనా చదువుతారో లేదో.

నువ్వు వచ్చి ఫోరంలో చెప్పు. ఉద్యోగానికి ముప్పని తెలుసు, అయినా అడుగుతున్నాను. నిన్ను కాకపోతే ఎవరినడగను.

ఒక్కటి కనుక్కుని చెబుతావా? ఆ బూడిదరంగు వాక్యం ఎవరు రాశారు? నాన్న రోజూ కుటుంబ ప్రార్థనలో అతని కోసం ప్రార్థన చేస్తున్నారు. నిన్న అమ్మ విసుక్కుంది, మన ఉసురు పోసుకున్నోడికి ప్రార్థనేటని. నాన్న అన్నారు: “ఆడెవుడో తెలుగు బాగా వొచ్చినోడే. పిల్లనున్నోడి గుండె ఎక్కడ ఆగిపోతాదో తెలిసినోడు. అంత తెలిసినోడు ఇలాటి పని సేస్తన్నాడంటే ఆడికేదో పెద్ద కష్టమొచ్చుంటాది.”

నీ
రూబీ.


బెంగళూరు,
20 అక్టోబర్ 2019.

రూబీ,

నెల దాటింది. నీవి రెండు ఉత్తరాలు వచ్చాయి, దేనికీ జవాబివ్వలేదు. జబ్బు చేసిందా అని అడిగావు. చెయ్యలేదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను.

ఆ వాక్యం రాసింది నేను.

నిరుడు మార్చిలో నీ ఫొటో చూసిన వారానికి మా మేనేజరు పిలిచాడు. ఎనిమిదో తెరలో అప్పుడు ‘రద్దు చేయండి’ అని మాత్రమే ఉండేది. అక్కడిదాకా వచ్చినవాళ్ళలో సగానికి పైగా నొక్కి వెళ్ళిపోతున్నారనీ, తండ్రి అనేవాడు నొక్కలేని మాట ఒకటి రాయమనీ అడిగాడు. మా నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, ఆయన ముఖం కూడా గుర్తులేదు. నేను చూసిన తండ్రి ఒక్కరే. ఇన్‌స్పెక్షన్ రోజున రాని పిల్లాడికి హాజరు వెయ్యమని పెద్దలంతా చెప్పినా వెయ్యని మనిషి. నువ్వు జ్వరంతో ఉన్నప్పుడు బడి అయ్యాక రెండు మైళ్ళు నడిచి కమలాలు కొనుక్కొచ్చిన మనిషి. ఆ మనిషి వేలు ఎక్కడ ఆగుతుందా అని ఆలోచించాను. పది నిమిషాలు పట్టలేదు.

తెలియక రాశానని చెప్పుకుందామని నాలుగుసార్లూ ప్రయత్నించాను. అవే చింపినవి. నాకు తెలుసు. అప్పుడు మాస్టారి మీద కోపం కూడా ఉంది, నిన్ను అలా సంతలో నిలబెట్టారని. నొక్కమను చూద్దాం అనుకున్నాను. నువ్వు వరుణ్ణి వెతుక్కుంటున్నావనే అనుకున్నాను కాబట్టి మాస్టారికి ఆ తెర దాకా వచ్చే పనే ఉండదనుకున్నాను.

అది పెట్టాక వందకి పది మంది కూడా నొక్కలేదు. ఆఫీసులో నా పేరు చెప్పి కేకు కోశారు. దాన్ని చూసి అరవంలోనూ కన్నడంలోనూ అలాగే రాసుకున్నారు. ఎంతమంది తండ్రులు అక్కడ ఆగిపోయి ఉంటారో నేను ఎప్పుడూ లెక్కేసుకోలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చాక ఒక్కరిని మాత్రం లెక్కేసుకున్నాను.

నీ ఫొటో అక్కణ్ణుంచి పోవాలని నాకంటే ఎక్కువగా కోరుకున్నవాడు లేడు. అది కదలకుండా మేకు కొట్టింది నేనే. ఆయన నా కోసం ప్రార్థన చేస్తున్నారని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

బెన్హర్.


చీపురుపల్లి,
28 అక్టోబర్ 2019.

బెన్హర్ గారికి,

మీ ఉత్తరం అందింది. నాన్నకు చదివి వినిపించలేదు.

కేసు డిసెంబర్ 17కి వాయిదా పడింది. జగన్నాధం గారి చిరునామా కింద రాస్తున్నాను. మీకేమైనా చెప్పాలనిపిస్తే ఆయనకు చెప్పండి.

రూబీ.


బెంగళూరు,
25 నవంబర్ 2019.

రూబీ గారికి,

అఫిడవిట్ రాసి, నోటరీ చేయించి, జగన్నాధం గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ వాక్యం ఎవరు రాయమన్నారు, ఎందుకు రాయమన్నారు, దానికి ముందు అక్కడ ఏముండేది, అది పెట్టాక ఏమైంది, ఆకుపచ్చ చుక్క ఎలా వెలుగుతుంది, అన్నీ ఉన్నాయి. రాసింది నేనేనని మొదటి పేరాలోనే ఉంది. ఢిల్లీకి కూడా పంపాను. గడువు దాటిందని తెలుసు. ఉండనీ అని పంపాను.

కంపెనీకి నేనే చెప్పాను. మధ్యాహ్నం నాలుగింటికి చెబితే ఐదింటికల్లా నా సామాను ఒక అట్టపెట్టెలో పెట్టి గుమ్మం దాకా తోడొచ్చారు. వెళ్ళే ముందు కంప్యూటరు ఇచ్చెయ్యమన్నప్పుడు ఒకసారి మీ పేజీ తీశాను. చుక్క వెలుగుతూనే ఉంది. అబద్ధమని తెలుసు. అయినా వాళ్ళు అడిగేదాకా చూస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ నెలాఖరుకి ఈ గది ఖాళీ చెయ్యాలి. తర్వాత ఎక్కడో ఇంకా తెలియదు. చీపురుపల్లిలో నాకు అమ్మ సమాధి తప్ప ఏమీ లేదు, అక్కడికి రావడానికి కూడా ఇప్పుడు ముఖం చాలడం లేదు.

మిమ్మల్ని ఏమీ అడగను. క్షమించమని అడిగితే, కాదు అనడం మీకు కష్టమయ్యేలా నేను మాట పేర్చగలను. ఆ విద్యే నాది. అందుకే అడగడం లేదు.

మాస్టారికి నిజం చెప్పండి. నా పేరుతో చెప్పండి.

బెన్హర్.


చీపురుపల్లి,
5 డిసెంబర్ 2019.

బెన్హర్,

నీ రెండు ఉత్తరాలూ, ఆ అక్టోబరుదీ మొన్నటిదీ, ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నాన్నకు చదివి వినిపించాను. అమ్మ వింటూ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న చివరిదాకా కదల్లేదు. తర్వాత తన ఫోన్ తీసి, ఏడు తెరలూ దాటి, ఎనిమిదో దాని దగ్గర ఆపి, ఆ వాక్యం గట్టిగా చదివారు. పిల్లల కాపీ దిద్దేటప్పుడు చదివేవారే, అలా.

“తప్పులు లేవే,” అన్నారు. “ఫర్వాలేదుకి ఒత్తు కూడా సరిగ్గా ఏసాడు.”

నాకు ఏడుపొచ్చింది. కోపమొచ్చింది కూడా, ఎవరి మీదో తెలియదు.

కాసేపటికి అడిగారు: “ఇది అబద్ధమని రాసినప్పుడు ఆడికి తెల్సా?”

తెలుసునన్నాను.

“మరి నిజమేటో తెల్సా ఆడికి?”

నాన్న ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశారు. “రూబీ, పిల్లకి పెళ్ళి సెయ్యాలని లేదా అని ఈ ఫోను నన్ను ఎన్ని మార్లు అడిగిందో లెక్కలేదు. నాను నిన్ను ఒక్క మారు అడగలేదే. ఫొటో పెట్టినప్పుడూ అడగలేదు, తీసేద్దామన్నప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతన్నాను. నీకు ఏటి కావాల?”

ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగగా వినలేదు. నాన్న జవాబు కోసం తొందరపెట్టలేదు. నేను చెప్పాను. విజయనగరం స్టేషన్ నుంచి మొదలుపెట్టి చెప్పాను. నువ్వు చెబుతావని ఎదురుచూసిన మాట, నువ్వు చెప్పకుండా రైలెక్కిన మాట, ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ దగ్గర కూర్చున్నవి, అన్నీ. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి వింది. “ఓలమ్మ, ఇది నాకు ఎప్పుడో తెల్సు,” అంది. మరి ఎందుకు చెప్పలేదని నాన్న కసిరితే, “నన్నెవులు అడిగారు,” అంది.

నాన్న ఆ సాయంత్రం ప్రార్థనలో నీ పేరు పెట్టారు. అంతకు ముందు రోజువరకు ‘ఆ రాసినోడు’ అనేవారు. నిన్ను క్షమించేశారు. ఆయనకు ఒక్క ప్రార్థనతో అయిపోయింది.

నాకు కాలేదు. అబద్ధం చెప్పి నన్ను నేను ఊరుకోబెట్టుకోలేను. నా జ్వరం, ఆ కమలాలు, నాన్న నడిచిన దారి, ఇవన్నీ నీకు గుర్తుండడం నాకు ఇష్టమే, గుర్తుండి కూడా నువ్వు వాటిని అలా వాడావు. ఈ కోపం కొన్నాళ్ళు ఉంటుంది. అది ఉండగానే నువ్వు గుర్తొస్తావు. కవర్ల మీద ముద్ర కొడుతూ బెంగళూరు అని కనిపిస్తే నీ అక్షరమేమో అని తిప్పి చూస్తున్నాను. నీ మీద కోపంతో నీ కోసమే చూస్తున్నాను, ఇదేం బతుకో.

కంపెనీ నిన్న జగన్నాధం గారికి ఫోన్ చేసింది. నా పేజీ వాళ్ళే తీసేస్తారట, తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తారట, కేసు వెనక్కి తీసుకోమంటున్నారు. నీ అఫిడవిట్ వాళ్ళ చేతికి అందింది మరి. నాన్న ఒప్పుకోలేదు. “నా ఒక్కడి తెర తీస్తే సరిపోదు, ఆ మాట అందరి తెరల మీంచీ తియ్యాల,” అన్నారు. నాకు అనిపించింది, నా ఫొటో ఇంకొన్నాళ్ళు అక్కడ ఉన్నా పర్లేదని. చూసేవాడు ఇప్పుడు అక్కడ లేడు.

పదిహేడున విచారణ. అఫిడవిట్ చాలనీ, నువ్వు స్వయంగా రానక్కర్లేదనీ జగన్నాధం గారు చెప్పారు. ఫోరానికి కాగితం చాలట.

నాకు చాలదు. రా.

రూబీ.